డిటరెన్స్‌ను ‘నిరోధం’ అంటే సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సైబర్ యుద్ధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ, డిటరెన్స్ అనే మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. పత్రికల్లో ‘అణు నిరోధకం’ అని రాస్తున్నారు. కానీ నిరోధం అంటే అడ్డుకోవడం కదా. వస్తున్న క్షిపణిని గాలిలోనే కూల్చేస్తే అది నిరోధం. డిటరెన్స్ అంటే అసలు క్షిపణి మీట మీదికి శత్రువు చెయ్యే వెళ్లకుండా చేయడం. దాన్ని ఏమనాలి?

జవాబు:
అది వాడుకలో నిలిచిపోయిన మాటండీ. వ్యాధి నిరోధకం ఎలాగో అణు నిరోధకం అలాగే. పాఠకుడికి అర్థమైపోతోంది, ఇక మార్చడం ఎందుకు?

మరో జవాబు:
అర్థమైపోతోందని నేననుకోను. వ్యాధి నిరోధక శక్తి క్రిమిని భయపెట్టదు, ఒంట్లోకి వచ్చాక దానితో పోరాడుతుంది. డిటరెన్స్ జరిగేది శత్రువు మనసులో. ఆ ఇంగ్లిష్ మాటకు మూలమైన లాటిన్ క్రియకు భయపెట్టి దూరంగా ఉంచడమనే అర్థం. టెర్రర్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. మనకు ‘జంకు’ ఉంది. భయం వేరు, జంకు వేరు. భయపడ్డవాడు పారిపోవచ్చు, తెగించి మీద పడనూ వచ్చు. జంకినవాడు చేయబోయిన పని దగ్గరే ఆగిపోతాడు. అందుకే నేను ‘జంకించడం’ అంటాను.

రాయబారం ఘట్టాన్ని రంగస్థలం మీద చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. రేపు యుద్ధమే వస్తే ఎవరు వస్తారో, రథం మీద ఏ జెండా ఎగురుతుందో, చేతిలో ఏ విల్లు ఉంటుందో కృష్ణుడు నిండు సభలో కళ్లకు కట్టిస్తాడు. జంకించాలంటే కావలసినవి ఇవే. కొట్టేది ఎవరో తెలియాలి, దేనితోనో తెలియాలి, కొట్టి తీరతారని నమ్మకం కుదరాలి. దుర్యోధనుడికి ఆ మూడోది కుదరలేదు, యుద్ధం ఆగలేదు.

సైబర్ యుద్ధంలో రథానికి జెండా ఉండదు. 2007 ఏప్రిల్‌లో ఎస్టోనియా ప్రభుత్వం రాజధాని టాలిన్ నగరం మధ్యలో ఉన్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని వేరే చోటికి తరలించింది. ఆ వెంటనే బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్లు వారాల తరబడి దాడులతో సతమతమయ్యాయి. అనుమానం రష్యా మీద, రష్యా మాకు సంబంధం లేదంది. దాడికి వాడుకున్న కంప్యూటర్లు ఎన్నో దేశాల్లో, ఏమీ ఎరగని జనం ఇళ్లలో ఉన్నవి. బాణం ఎవరి మీద వేస్తారు? 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్ ఉక్రెయిన్‌లోని ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా పాకి, మేర్స్క్ ఓడల వ్యాపారాన్ని కూడా స్తంభింపజేసింది. ఇది రష్యా పనేనని అమెరికా, బ్రిటన్ బహిరంగంగా చెప్పేసరికి 2018 ఫిబ్రవరి వచ్చింది.

విల్లు సంగతి ఇంకా చిక్కు. 1998లో పోఖ్రాన్‌లో బాంబు పేల్చి చూపిస్తే మన ఆయుధానికి విలువ పెరిగింది. సైబర్ ఆయుధం చూపిస్తే పోతుంది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల వేగాన్ని మార్చి పాడుచేస్తూ, ఆపరేటర్ల తెరల మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించింది స్టక్స్‌నెట్ అనే సైబర్ ఆయుధం. 2010లో అది బయటపడ్డాక, అది దూరిన విండోస్ లొసుగులను మైక్రోసాఫ్ట్ ఒక్కొక్కటిగా మూసేసింది. దాచుకుంటేనే పనికొచ్చే ఆయుధాన్ని చూపించి ఎవరినైనా ఎలా జంకిస్తాం?

ఇంకో జవాబు:
రాముడు సముద్రుడి మీద విల్లెత్తడం కూడా ఇందులోకే వస్తుందా?

మరో జవాబు ఇచ్చినవారు:
రాదండీ. అక్కడ సముద్రుడు చేస్తున్న పనేమీ లేదు, అతనితో ఒక పని చేయించుకోవాలి. యుద్ధ వ్యూహాల మీద రాసిన అమెరికన్ ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ ఈ రెంటినీ విడదీసి, రెండోదానికి వేరే పేరే పెట్టాడు. తెలుగులో దాన్ని ‘దారికి తెచ్చుకోవడం’ అనొచ్చు. సేతువు కథకు అది ఇంకా బాగా నప్పుతుంది.

అడిగినవారు:
జంకించడం నాకు చాలా నచ్చింది. ఒక్క చిక్కు ఉంది. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త గ్లెన్ స్నైడర్ డిటరెన్స్‌ను రెండు రకాలు చేశాడు. ఒకటి, కొడితే తిరిగి కొడతామనడం. రెండోది, కొట్టినా నీకేమీ దక్కదనడం. ఎస్టోనియా తన కీలక రికార్డుల నకళ్లను లక్సెంబర్గ్‌లోని సర్వర్లలో దాచుకుంది. టాలిన్‌లో ఉన్నవన్నీ ధ్వంసమైనా ప్రభుత్వం నడుస్తుంది. ఇందులో బెదిరింపు ఎక్కడా లేదు, దీన్ని జంకించడం అనలేను.

మరో జవాబు ఇచ్చినవారు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. దొంగ కర్రను చూసి జంకుతాడు. ఇంట్లో ఏమీ లేదని తెలిస్తే ఆశ వదులుకుంటాడు. మొదటిది జంకించడం, రెండోది ఆశ తుంచడం. రెండూ కలిసిన పెద్ద మాటగా ‘వెనుకాడించడం’ పెట్టుకోండి. జంకినా, లాభం లేదనుకున్నా మనిషి వెనుకాడతాడు.

అడిగినవారు:
‘వెనుకాడించే వ్యూహం’ అని రాసి చూశాను. చదువుతుంటే ఎక్కడా అడ్డు తగలలేదు. వ్యాసమంతా అదే పెడుతున్నాను. ఇప్పుడు అట్రిబ్యూషన్, అంటే దాడి చేసింది ఎవరో తేల్చడం, మిగిలింది. ‘ఆపాదన’ అంటే లేనిదాన్ని అంటగట్టినట్టుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మా ఊళ్లో గొడ్లు పోతే, దొంగ ఎటు వెళ్లాడో చూడ్డాన్ని ‘జాడ తీయడం’ అనేవాళ్లు. అది పనికొస్తుందేమో చూడండి.