లెగో ముక్కలతో రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి - వంపు ఎలా తేవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. ఈసారి మా పదేళ్ల వాడు ఒక మెట్టు మొత్తం తనకే కావాలంటున్నాడు, దాని మీద రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి కట్టి పైన రైలు పెడతాడట. వాళ్ల నాయనమ్మ అప్పుడే ఒప్పేసుకుంది, దశావతారాల సెట్టు పై మెట్టుకు జరుపుతానంది కూడా, కాబట్టి ఇక తప్పదు.

వాడి దగ్గర ఉన్నవి పుట్టినరోజులకు వచ్చిన లెగో సెట్ల ముక్కలు (ఎక్కువగా కార్లు, ఒక ఫైర్ స్టేషన్), ఇంకా మన దగ్గర చవకగా దొరికే వేరే కంపెనీ బ్లాక్స్ ఒక డబ్బా. పిల్లర్లు, పైన రైలు నడిచే డెక్కు ఎలాగోలా వస్తున్నాయి, వంపు దగ్గరే ఆగిపోయాం. ఉన్నవన్నీ నలుచదరం ముక్కలు, పేర్చుకుంటూ పోతే ఆర్చి రావడం లేదు, మెట్లు మెట్లుగా త్రికోణం వస్తోంది. సెట్లలో వచ్చిన ఆర్చి ముక్కలు తలుపులకు, కిటికీలకు తప్ప పనికిరావు. ఎంత సైజులో కట్టాలి, వంపు ఎలా తేవాలి, రెండు కంపెనీల ముక్కలు కలిపితే ఫర్వాలేదా? కొత్తవి కొందామంటే రేట్లు చూసి భయం వేస్తోంది.

ముక్కలపిచ్చి:
వంపు సంగతి తర్వాత, ముందు స్కేలు తేల్చుకోండి. చాలామంది లెగో మనిషి బొమ్మ సైజుకు సరిపోయేలా మొదలుపెడతారు, ఈ బ్రిడ్జికి అది కుదరదు. అసలు బ్రిడ్జిలో ఒక్కో ఆర్చి 97.55 మీటర్లు, అలాంటివి 28 ఉన్నాయి. మనిషి బొమ్మ సైజులో కడితే ఒక్క ఆర్చే రెండు మీటర్లు దాటిపోతుంది, కొలువు సంగతి దేవుడెరుగు, హాల్లో నడవడానికి చోటుండదు.

నేనైతే రైలు దగ్గర లెక్క మొదలుపెడతా. లెగో ముక్క మీద ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకు 8 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ బోగీ వెడల్పు దాదాపు 3.25 మీటర్లు. రైలు వెడల్పు ఒక్క బుడిపె అనుకుంటే స్కేలు సుమారు 1:400 పడుతుంది, ఆ లెక్కన ఒక ఆర్చికి 30 బుడిపెలు. దాన్ని 32 చేసుకోండి, 16 బుడిపెల పొడవు ప్లేట్లు (సన్నటి పలక ముక్కలు) రెండు పెడితే సరిపోతుంది, రెండు వైపులా సమానంగానూ వస్తుంది. అంటే ఆర్చికి 25.6 సెంటీమీటర్లు, మూడు ఆర్చిలు కడితే 77, కొలువు మెట్టు మీద హాయిగా పడుతుంది. మొత్తం 28 కడతానంటే ఏడు మీటర్ల పైమాటే, ఆ ఆశ వదిలేయండి. బోగీ పొడవు పాత ఐసీఎఫ్ రకం పెట్టె అయితే 7 బుడిపెలు, ఇప్పటి ఎల్‌హెచ్‌బీ అయితే 8.

ఇక వంపు. ఇటుకలు పక్కనపెట్టి ప్లేట్లలో లెక్కేయండి. ప్లేటు ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, ఇటుక 9.6, మూడు ప్లేట్లు పేరిస్తే ఒక ఇటుక. మీకు త్రికోణం ఎందుకొస్తోందంటే ప్రతి మెట్టూ ఒకే ఎత్తు వేస్తున్నారు. ఆర్చి చివర్ల దగ్గర జోరుగా లేచి, నడిమధ్యకు వచ్చేసరికి దాదాపు చదునైపోతుంది, కాబట్టి మెట్టు పొడవు మార్చకుండా ఎత్తు మాత్రం తగ్గించుకుంటూ పోవాలి. నడుమ ఎత్తు 13 ప్లేట్లు అనుకుని పారబోలా లెక్క కట్టాను (బ్రిడ్జిని నేరుగా పక్కనుంచి తీసిన ఫోటో దగ్గర పెట్టుకుని ఆ 13ని మీరు సరిచూసుకోండి). చివర నుంచి ప్రతి రెండు బుడిపెలకు ఎత్తు ఇలా వస్తుంది: 3, 6, 8, 10, 11, 12, 13, 13. అవతలి సగం దీనికి తిరగేసి. అంటే మొదటి రెండు మెట్లు ఇటుకలు, తర్వాతి రెండు మెట్లకు రెండేసి ప్లేట్లు, ఆపైన మూడు మెట్లు ఒక్కో ప్లేటు.

అన్నీ 1×4 (ఒక బుడిపె వెడల్పు, నాలుగు పొడవు) ముక్కలే వాడండి, ప్రతిదీ సగం కింది ముక్క మీద కూర్చుని సగం ముందుకు రావాలి. నడినెత్తిన ఒక 1×8 ప్లేటు పెడితే అది రెండు వైపుల్నీ కలిపి పట్టుకుంటుంది. డెక్కు వెడల్పు నాలుగు బుడిపెలు చాలు, ఈ అంచున ఒక వంపు, ఆ అంచున ఒక వంపు, మధ్యలో రైలు. అసలు దాని మీద కూడా లైను ఒక్కటే. మూడు అడుగుల దూరం నుంచి చూస్తే మెట్లు కంటికి ఆనవు.

తటస్థుడు:
హేవలాక్ బ్రిడ్జి కట్టుకోవచ్చుగా? గర్డర్లన్నీ తిన్నగా ఉంటాయి, ఈ గొడవే లేదు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన బ్రిడ్జి అది.

గోదారిగట్టు:
చెప్పి చూశానండీ. వాడికి వంపులే కావాలి.

డాలస్ నాన్న:
పై లెక్క బాగుంది, మా అమ్మాయితో కూడా వేయిస్తా. ఇంకో దారి కూడా ఉంది, మీ దగ్గర ముక్క దొరికితేనే. లెగోలో సన్నటి వంగే గొట్టాలుంటాయి, 3 మిల్లీమీటర్లవి, కొన్ని బళ్ల సెట్లలో పైపుల్లా వస్తాయి, మీ ఫైర్ స్టేషన్ డబ్బా ఒకసారి వెతకండి. దాని రెండు చివర్లనూ డెక్కు మీద క్లిప్పుల్లో బిగించి, క్లిప్పుల మధ్య దూరం గొట్టం పొడవు కంటే తక్కువ ఉంచితే గొట్టం దానంతట అదే పైకి వంగి నిలబడుతుంది. మెట్లు లేవు, లెక్కలు లేవు.

తమాషా ఏంటంటే మన గోదావరి మీది బ్రిడ్జి నిలబడేదీ ఇలాగే. దాన్ని బౌస్ట్రింగ్ గర్డర్ అంటారు, వంపు విల్లు, డెక్కు దాని నారి. వంపు చివర్లు బయటికి తన్నుకోబోతే డెక్కు వాటిని లోపలికి లాగి పట్టుకుంటుంది, అందుకే పిల్లర్ల మీద నిలువు బరువు పడుతుందే తప్ప వంపు వాటిని పక్కకు నెట్టదు. ఇసుక మేటలున్న అంత వెడల్పు నదిలో వేసే పునాదులకు అది చిన్న ఊరట కాదు. మీవాడి చేత ఒక క్లిప్పు ఊడదీయించండి, చెప్పాల్సిన పని లేకుండా అర్థమైపోతుంది.

వంపు నుంచి డెక్కుకు దిగే నిలువు కడ్డీలకు యాంటెన్నా ముక్కలు సరిపోతాయి. చేతిలో ముక్కలు తక్కువున్నప్పుడు ముందు కంప్యూటర్లో కట్టి చూసుకోవడం మంచిది. స్టూడియో అని లెగో ముక్కలు అమ్మే సైటు బ్రిక్‌లింక్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం (బ్రిక్‌లింక్‌ను 2019లో లెగోనే కొనేసింది), ఏ ముక్క ఎన్ని కావాలో జాబితా కూడా ఇస్తుంది.

పాతబొమ్మలు:
మా ఇళ్లలో కొలువంటే మట్టి బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు. మధ్యలో ఈ ప్లాస్టిక్కు ఎందుకు నాయనా? అట్టముక్క వంపుగా కోసి తెల్లరంగు వేస్తే అరగంటలో అయిపోతుంది.

గోదారిగట్టు:
అమ్మా, అరగంటలో అయిపోతే మిగతా సెలవులంతా మా ఫోన్ల మీద పడతాడు. పైగా మా అమ్మ కొలువులో క్రికెట్ టీము, పెళ్లి బాజాలు, కూరగాయల అంగడి ఎప్పటి నుంచో ఉన్నాయి, బ్రిడ్జి ఒక్కటే తక్కువ. మట్టి బొమ్మలు ఎక్కడివక్కడే ఉంటాయి లెండి.

బెజవాడ శీను:
రెండు కంపెనీలవి కలపడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. కలపొచ్చు. ఇటుక కింద గొట్టాలుండి బుడిపెల్ని బిగించి పట్టుకునే డిజైనుకు లెగో వాళ్లు 1958 జనవరి 28న డెన్మార్క్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆకారం మీద ట్రేడ్‌మార్క్ అడిగితే 2010లో యూరప్ కోర్టు కుదరదంది. అందుకే అదే 8 మిల్లీమీటర్ల కొలతతో ఎవరు పడితే వాళ్లు చేస్తున్నారు. తేడా పట్టులో తెలుస్తుంది, చవక డబ్బాల్లో కొన్ని ముక్కలు గోళ్లు విరిగేంత బిగుతు, కొన్ని ఊదితే ఊడిపోతాయి.

మీ డబ్బా ముక్కల్ని పిల్లర్లకు, డెక్కు కింది వరసకు వాడేయండి, అక్కడ బరువు మీద పడి అదే అదిమి ఉంచుతుంది. ఆర్చికి మాత్రం లెగోవే పెట్టండి. పైన చెప్పిన పద్ధతిలో ఒక్కో ముక్క రెండే బుడిపెల పట్టు మీద బయటికి వేలాడుతుంది, వదులు ముక్క ఒక్కటి పడిందా మొత్తం రాలుతుంది. ప్లేటు మందంలో తేడాలున్నా అంతే, పదమూడు పేర్చేసరికి ఆ వంపు ఈ వంపు ఎత్తు కలవదు.

రేట్ల గురించి మనం చేసేదేం లేదు. బొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి వెళ్లింది. ఇక్కడివి కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. 3, 6, 8, 10 లెక్క కాగితం మీద రాసిస్తే వాడే ఒక ఆర్చి లేపేశాడు, నేను చెయ్యి పెట్టలేదు! ఇప్పుడు రెండు ఇబ్బందులు. ఒకటి, డెక్కు నడుమ కుంగుతోంది. రెండు, బూడిద రంగు 1×4 ముక్కలు ఒక వైపు వంపుకే అయిపోయాయి. ముక్క వెతకడానికే సగం పూట పోతోంది, అది వేరే.

ముక్కలపిచ్చి:
భలే! డెక్కు కుంగుతోందంటే బహుశా రెండు 16 ప్లేట్ల అతుకు నడిమధ్యలో పడింది. రెండు వరసలు వేయండి, కింది వరస అతుకు మీద పై వరస ప్లేటు నిండుగా కూర్చోవాలి, అటు నాలుగు ఇటు నాలుగు బుడిపెలైనా. అప్పటికీ వంగితే రెండు అంచుల కిందా పొడవాటి ఇటుకలు ఒక వరస వేయండి, పలక వంగినంత తేలిగ్గా ఇటుక వంగదు. మూడు ఆర్చిల్నీ కలిపి ఒకే డెక్కు మాత్రం చేయొద్దు, దేనికది విడిగా కట్టి పిల్లరు మీద పక్కపక్కన కూర్చోబెట్టండి. అసలు బ్రిడ్జిలోనూ ఏ స్పాను డెక్కు దానిదే. గదిలోంచి కొలువు దగ్గరికి మోసుకెళ్లడమూ సులువు, దారిలో ఒకటి పడినా రెండు మిగులుతాయి.

రంగు చాలకపోతే బూడిదవి ముందు వైపు వంపులకే పెట్టి, వెనక వంపులకు ఏ రంగు దొరికితే అది వేయండి, నాకైతే అది ఇంకా బాగుంటుంది. ఇక వెతుకులాటకు ఒకటే మందు, రంగుల వారీగా కాకుండా ఆకారాల వారీగా సర్దండి. ఎర్రవన్నీ ఒకచోట పోస్తే ఎర్ర కుప్పలో ఎర్ర 1×4 కనబడి చావదు, 1×4లన్నీ ఒకచోట పోస్తే ఎర్రది ఇట్టే కనబడుతుంది.

డాలస్ నాన్న:
రైలు ఏది పెడుతున్నారు?

గోదారిగట్టు:
వాడు విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ అంటున్నాడు, నాయనమ్మేమో గోదావరి ఎక్స్‌ప్రెస్సే పెట్టాలంటోంది. తెల్ల ప్లేట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాక తేలుతుంది.