లాగిన్ అవ్వట్లేదు, అయ్యాక సుడో పనిచేయట్లేదు (ఉబుంటు 22.04)

మూడు లాంతర్ల డీటీపీ:
అందరికీ నమస్కారం. విజయనగరంలో మాది చిన్న డీటీపీ షాపు. సిస్టమ్‌లో విండోస్ బదులు లైనక్స్ రకం ఉబుంటు 22.04, యూజర్ ఒక్కటే. నిన్న రాత్రి వరకు బాగానే ఉంది, పొద్దున్న ఆన్ చేస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. కాగితం మీద రాసిపెట్టుకున్న పాస్‌వర్డే, మర్చిపోయే ప్రసక్తే లేదు. నిన్న షాపులో కుర్రాడు కొత్త ప్రింటర్ కోసమని, తెలుగు టైపింగ్ కోసమని ఏవో వీడియోలు చూసి మార్పులు చేశాడు. సర్వీసు అతన్ని పిలిస్తే ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడు. సిరిమాను కరపత్రాల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఒకటే టెన్షన్. ఏదైనా దారి చెప్పండి.

పలాస జీడిపప్పు:
ముందు లైవ్ యూఎస్‌బీతో (ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్) బూట్ చేసి డిజైన్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత హాయిగా ఫార్మాట్ కొట్టేయండి. అరపూట పని.

గజపతినగరం లైనక్స్:
కాపీ చేసుకోమనడం వరకు మంచి సలహా. ఫార్మాట్ మాత్రం వద్దు. ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవడం అరపూటలో తేలదు.

డీటీపీ గారూ, తెలుగు టైపింగ్ అన్నారు కదా, నా అనుమానం దాని మీదే. లాగిన్ తెరలో పాస్‌వర్డ్ కొట్టి, గడి చివరున్న కన్ను బొమ్మ నొక్కండి. ఏం అక్షరాలు పడ్డాయో చెప్పండి.

మూడు లాంతర్ల డీటీపీ:
అయ్యబాబోయ్, కే నొక్కితే 'క', జే నొక్కితే 'ర', హెచ్ నొక్కితే 'ప' పడుతున్నాయి! చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఇంతసేపూ తెలియలేదు.

గజపతినగరం లైనక్స్:
అది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక. లాగిన్ తెర పైన కుడిమూల చిన్న అక్షరాల్లో భాష గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి. విండోస్ బొమ్మ ఉన్న మీట, స్పేస్ కలిపి నొక్కినా మారుతుంది.

మూడు లాంతర్ల డీటీపీ:
లోపలికి వెళ్లాను గురువుగారూ! డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. కానీ ఇంకో తిరకాసు వచ్చింది. ఫాంట్ ఇన్‌స్టాల్ చేద్దామని సుడో (అడ్మిన్ హక్కుతో పనిచేయించే కమాండ్) కొడితే, పాస్‌వర్డ్ తీసుకుని, సుడోయర్స్ ఫైల్‌లో మీ పేరు లేదు, ఈ సంగతి రిపోర్ట్ చేస్తాం అంటోంది. ఎవరికి రిపోర్ట్ చేస్తుందండీ?

గజపతినగరం లైనక్స్:
కంగారుపడకండి, ఆ రిపోర్ట్ మీ సిస్టమ్‌లోని లాగ్ ఫైల్ దాటి ఎక్కడికీ పోదు. లాగిన్ వేరు, అడ్మిన్ హక్కు వేరు. ఉబుంటులో సుడో అనే గ్రూపులో ఉన్నవాళ్లకే ఆ హక్కు ఉంటుంది. మీ యూజర్ ఆ గ్రూపులోంచి పడిపోయినట్టుంది. మీ కుర్రాడు ప్రింటర్ కోసం యూజర్‌మాడ్ అనే, యూజర్ వివరాలు మార్చే కమాండ్ ఏమైనా కొట్టాడా?

మూడు లాంతర్ల డీటీపీ:
కొట్టాడట. టెర్మినల్‌లో పై బాణం మీట నొక్కితే కనిపిస్తోంది. సుడో యూజర్‌మాడ్, మైనస్ పెద్ద జీ, ఎల్‌పీఅడ్మిన్, చివర మా యూజర్ పేరు.

గజపతినగరం లైనక్స్:
దొరికింది దొంగ. పెద్ద జీ ముందు చిన్న 'ఏ' ఉంటే పాత గ్రూపులకు కొత్తది కలుస్తుంది. అది లేకపోతే, ఉన్న అదనపు గ్రూపులన్నీ తీసేసి మీరు చెప్పిందొక్కటే ఉంచుతుంది. ఒక్క అక్షరం తేడా, హెచ్చరిక కూడా రాదు. ప్రింటర్ గ్రూపు వచ్చింది, సుడో పోయింది.

ఏమీ మార్చకముందు ఒక పని చేయండి. ఈటీసీ ఫోల్డర్‌లో గ్రూప్ అనే ఫైల్ ఉంటుంది. దాని పక్కనే అదే పేరుతో, చివర హైఫన్ ఉన్న ఇంకో ఫైల్ ఉంటుంది. అది చివరి మార్పుకు ముందరి కాపీ. దాన్ని తెరిచి మీ యూజర్ పేరు ఎక్కడెక్కడ ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇంకో మార్పు జరిగితే ఆ కాపీ కూడా మారిపోతుంది.

ఇప్పుడు రికవరీ. తెలుగులో రాస్తున్నా కాబట్టి, ఫోన్‌లో చెప్పినట్టు అక్షరాలు విడదీసి చెబుతా, మీరు ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

రీస్టార్ట్ చేసి, కంపెనీ బొమ్మ రాగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. పాత బయోస్ సిస్టమ్ అయితే షిఫ్ట్ పట్టుకుని ఉంచాలి. గ్రబ్ మెనూ, అంటే ఉబుంటు మొదలయ్యే ముందు కనిపించే పట్టిక వస్తుంది. ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు గ్రబ్ అని రాసి ఉన్న ఖాళీ తెర వస్తుంది. అప్పుడు రీబూట్ అని కొట్టి మళ్లీ మొదలెట్టండి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, రికవరీ మోడ్ అని ఉన్న వరస ఎంచుకోండి. తర్వాత వచ్చే పట్టికలో రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) ఎంచుకుని ఎంటర్ కొట్టండి. అక్కడ

యాడ్‌యూజర్ (కలిపి, ఏ డబుల్ డీ), స్పేస్, మీ యూజర్ పేరు, స్పేస్, సుడో

అని కొట్టండి. ఇది ఉన్న గ్రూపుల జోలికి పోదు, కొత్తది కలుపుతుంది, అంతే.

మూడు లాంతర్ల డీటీపీ:
గ్రూప్ ఫైల్‌ని లాక్ చేయలేకపోతున్నాం, కాసేపాగి ప్రయత్నించండి అంటోంది. టీ తాగొచ్చి మళ్లీ కొట్టాను, అదే మాట.

పలాస జీడిపప్పు:
ఎన్ని టీలు తాగినా అదే చెబుతుంది. రికవరీలో డిస్క్ చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. మౌంట్, స్పేస్, మైనస్ చిన్న ఓ, స్పేస్, రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ (మధ్యలో ఖాళీ లేకుండా), స్పేస్, ఒక స్లాష్. ఇది కొట్టి, మళ్లీ ఆ యాడ్‌యూజర్ కొట్టండి.

గజపతినగరం లైనక్స్:
అవును, అది ముందే చెప్పాల్సిన మెట్టు. థాంక్స్ తమ్ముడూ. ఫొటోలో ఉన్న మిగతా గ్రూపులు కూడా అలాగే ఒక్కొక్కటీ కలపండి. ముఖ్యంగా ఏడీఎం, ప్లగ్‌డెవ్ ఉండేవి. అయ్యాక రీబూట్ కొట్టండి.

మూడు లాంతర్ల డీటీపీ:
సుడో వచ్చేసింది! ప్రింటర్ కూడా పనిచేస్తోంది. ఫాంట్ ఎక్కించి మొదటి కరపత్రం తీశాను.

సాలూరు టీచరమ్మ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా స్కూల్ ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ నిజంగానే ఎవరికీ గుర్తులేదు. అదీ ఉబుంటూనే. ఇదే దారి పనికొస్తుందా?

గజపతినగరం లైనక్స్:
వస్తుంది మేడమ్. రీమౌంట్ వరకు అంతా ఇదే. యాడ్‌యూజర్ బదులు పాస్‌డబ్ల్యూడీ (పి ఏ ఎస్ ఎస్ డబ్ల్యూ డీ), స్పేస్, యూజర్ పేరు కొట్టండి. యూజర్ పేరు తెలియకపోతే ఎల్ఎస్, స్పేస్, స్లాష్ హోమ్ కొడితే ఫోల్డర్ల పేర్లు వస్తాయి, సాధారణంగా అవే యూజర్ పేర్లు. కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు, కీబోర్డు పాడైందనుకోకండి.

రెండు సంగతులు. ఒకటి, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే, యూజర్ పేరు కనిపించకముందే డిస్క్ పాస్‌వర్డ్ అడుగుతుంటే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే అందులోదంతా పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలో ఉన్నట్టు. ఆ డిస్క్ పాస్‌వర్డ్ తెలియకపోతే ఈ దారి పనికిరాదు. రెండు, పాస్‌వర్డ్ ఇలా మార్చాక కీరింగ్ తెరవమని పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. క్రోమ్ లాంటి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్లకు తాళం అదే. పాతది గుర్తులేదు కాబట్టి అవి పోయినట్టే, ఫైళ్లు మాత్రం చెక్కుచెదరవు.

పలాస జీడిపప్పు:
అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా ఇలా దూరిపోవచ్చన్నమాటేగా? మరి పాస్‌వర్డ్ ఎందుకండీ?

గజపతినగరం లైనక్స్:
డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయకపోతే దూరొచ్చు. సిస్టమ్ చేతికి చిక్కినవాడిని లాగిన్ పాస్‌వర్డ్ ఆపలేదు, డిస్క్ కూడా విప్పుకుపోతాడు. టీచరమ్మ గారి ల్యాప్‌టాప్‌లో పిల్లల వివరాలుంటే ఎన్‌క్రిప్షన్ పెట్టించుకోవడం మంచిదే, కాకపోతే దాన్ని ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి.

డీటీపీ గారూ, మీరు రేపు తీరిక చూసుకుని రెండో అడ్మిన్ యూజర్ ఒకటి చేసిపెట్టుకోండి. కుర్రాడికి మాత్రం సుడో లేని మామూలు యూజర్ చాలు, ప్రింట్ తీయడానికి అడ్మిన్ అక్కర్లేదు.

మూడు లాంతర్ల డీటీపీ:
వాడి ఎదురుగానే చదివాను. "నాకేటి, ప్రింటొస్తే చాలు" అంటున్నాడు.