అప్‌డేట్: కలంకారీ, నా స్నేహితురాలు

48 ఏళ్లకు మళ్లీ కలంకారీ మొదలుపెట్టాననీ, నా బొమ్మలు స్క్రీన్ ప్రింట్ చేయించి అమ్ముదామంటున్న చిన్నప్పటి స్నేహితురాలికి కాదని ఎలా చెప్పాలో తెలియట్లేదనీ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కాదని చెప్పేశాను. తను కొన్నాళ్లు ఫోన్ చేయలేదు, నేను చాలా టెన్షన్ పడ్డాను. మీలో ఒకరు అన్నట్టు, వాదించకుండా ఇంటికి పిలిచి పని చూపించాను. శ్రీకాళహస్తి పద్ధతే: కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ, వెదురు కలం, తుప్పు ఇనుమూ బెల్లమూ వారాల తరబడి ఊరిన నీళ్లు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. అది చూసి తను "నన్నూ ఒక గీత గియ్యనివ్వవే" అంది. ఎంత సంతోషమేసిందో!

అమ్మకాల విషయంలో మా అభిప్రాయాలు ఇంకా కలవలేదు. ప్రింట్ మాత్రం చేయించను. తను ఆదివారాలు వస్తోంది, కలంకారీ గుడ్డలు ఇద్దరం కలిసే ఉతుకుతున్నాం.