లినక్స్ బ్రౌజర్లలో వీడియోకి హార్డ్‌వేర్ డీకోడింగ్: అడగకుండానే ఆన్‌లో ఉండాలా, కావాల్సినవాళ్లు ఆన్ చేసుకోవాలా?

ఫ్యాన్‌మోత: సూటిగా అడుగుతున్నా. వీడియో డీకోడ్ చేయడానికే, అంటే కుదించి పంపిన వీడియోని విప్పి చూపించడానికే, జీపీయూలో (గ్రాఫిక్స్ చిప్‌లో) విడిగా ఒక భాగం పెట్టి అమ్ముతున్నారు. దాన్ని వాడుకోవడానికి లినక్స్‌లో వీఏ-ఏపీఐ (ప్రోగ్రాములు ఆ భాగంతో పని చేయించుకునే పద్ధతి) ఉంది, అది నిన్నా మొన్నా వచ్చింది కాదు. అయినా కొత్తగా వచ్చినవాడికి ఇప్పటికీ "ఈ ఫ్లాగ్ పెట్టు, ఆ ప్యాకేజీ వెయ్యి" అనే చెప్తున్నాం. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉన్నప్పుడు ఫ్యాన్ తిరుగుతోందో లేదో తెలిసేది కాదు, ఇప్పుడు వీడియో పెడితే ఒళ్లో పెట్టుకోలేం. మొదటి నుంచీ ఆన్‌లో ఉండాల్సిందే అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సున్నాడ్రాప్: ముందు ఒకటి చెప్పండి, ఫ్రేములు పోతున్నాయా, అంటే వీడియో తెగి తెగి ఆడుతోందా? యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' చూడండి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ సున్నా అయితే సమస్యే లేదు. ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌కి సీపీయూ మీదే నడిచే డేవ్1డీ డీకోడర్ ఉంది, అందులో చాలా భాగం చేత్తో రాసిన అసెంబ్లీ, 1080పీ అయితే ఓ మోస్తరు సీపీయూ కూడా అవలీలగా ఆడిస్తుంది.

ఫ్యాన్‌మోత: నేను అడిగింది బ్యాటరీ, వేడి. మీరు చెప్తున్నది ఫ్రేములు.

వేలాండ్‌వీరుడు: ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్‌కి ఆన్‌లోనే ఉంది కదా. 2023 జూలై. ఏఎండీకి 136లో, అంటే 2025 మార్చిలో వచ్చింది. ఏ బ్రౌజర్ గురించి ఈ గొడవ?

ఫ్యాన్‌మోత: వచ్చింది, కాదనను. కానీ వీఏ-ఏపీఐ కోడ్ 2020లోనే ఫైర్‌ఫాక్స్‌లోకి చేరింది. దాన్ని డిఫాల్ట్ చేయడానికి ఇంటెల్ వాళ్లకి మూడేళ్లు, ఏఎండీ వాళ్లకి ఇంకో ఏడాదిన్నర పైన పట్టింది. ఇక క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్) సంగతి చూడండి. దీన్ని ఆన్ చేసే ఫ్లాగ్ పేరు మొదట వీఏఏపీఐ వీడియో డీకోడర్, తర్వాత వీఏఏపీఐ వీడియో డీకోడ్ లినక్స్ జీఎల్, ఆ తర్వాత యాక్సిలరేటెడ్ వీడియో డీకోడ్ లినక్స్ జీఎల్. పేరు మారినప్పుడు ఎర్రర్ కూడా రాదు, పాత ఫ్లాగ్‌ని నిశ్శబ్దంగా పక్కన పడేసి సీపీయూ మీద ఆడిస్తుంది. అప్‌డేట్ అయ్యాక ఫ్యాన్ మొదలైతే గానీ మనకి తెలియదు. తమాషా ఏంటంటే క్రోమ్‌ఓఎస్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నలే, వీఏ-ఏపీఐ కోడూ అదే, అక్కడ మాత్రం ఆన్‌లో ఉంటుంది!

డ్రైవర్‌బాబు: అక్కడ ఏ మెషీన్‌లో ఏ చిప్ ఉందో, ఏ డ్రైవర్ ఏ వెర్షనో వాళ్లే నిర్ణయిస్తారు, మోడల్ మోడల్‌కీ పరీక్ష పెట్టుకుంటారు. డెస్క్‌టాప్ లినక్స్‌లో ఇంటెల్‌కే పాత ఐ965 డ్రైవర్ కొందరికి, కొత్త ఐహెచ్‌డీ కొందరికి, మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్ల కట్ట) ఒక్కో డిస్ట్రోలో (లినక్స్ రకంలో) ఒక్కో వెర్షన్. పైగా వీడియో ఫార్మాట్ల మీద పేటెంట్లు. ఫెడోరా డిస్ట్రో 2022లో మెసా నుంచి పేటెంట్లున్న హెచ్.264, హెచ్.265 ఫార్మాట్ల డీకోడింగ్ తీసేసింది గుర్తుందా? ఏఎండీ కార్డు ఉన్నవాళ్లంతా ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండారం నుంచి వేరే ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చింది. బ్రౌజర్ ఏం చేస్తుంది దానికి?

మౌనపాఠకుడు: ఎన్‌విడియా వాళ్లం ఏ లెక్కలోనూ లేం అన్నమాట 😀

డ్రైవర్‌బాబు: మీకు ఎన్‌వీడెక్ (ఎన్‌విడియా సొంత డీకోడింగ్ పద్ధతి) మీద నడిచే వీఏ-ఏపీఐ డ్రైవర్ ఒకటి ఉంది, పనిచేస్తుంది. కానీ ఫైర్‌ఫాక్స్‌లో దానికోసం ఆర్‌డీడీ ప్రాసెస్‌కున్న శాండ్‌బాక్స్ (చెడ్డ కోడ్ బయటికి రాకుండా ఆపే రక్షణ) తీసేయమంటారు. ఊరూ పేరూ తెలియని సైటు నుంచి వచ్చే వీడియోని డీకోడ్ చేసే ప్రాసెస్ అది. దానికున్న తలుపు పీకేసి ఫ్యాన్ చప్పుడు తగ్గిందని సంబరపడొద్దు.

సున్నాడ్రాప్: అసలు ఫ్యాన్‌మోత గారి మెషీన్ ఏదో ఇంతవరకూ చెప్పలేదు.

ఫ్యాన్‌మోత: ఇంటెల్ ఏడో తరం, కేబీ లేక్.

సున్నాడ్రాప్: ఇంకేం! అందులో విపి9 ఫార్మాట్‌కి హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉంది, ఏవీ1కి లేదు. ఇంటెల్‌లో ఏవీ1 డీకోడింగ్ వచ్చింది టైగర్ లేక్‌తో, 2020లో. యూట్యూబ్ మీకు ఏవీ1 పంపుతుంటే ఏ స్విచ్ వేసినా లాభం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:కాన్ఫిగ్ అనే సెట్టింగుల పేజీకి వెళ్లి మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేయండి, విపి9 వస్తుంది. చర్చ అయిపోయింది.

ఫ్యాన్‌మోత: అయిపోలేదు సార్. అది నేను ఎప్పుడో చేశాను. జీపీయూ ఎంత పనిచేస్తోందో చూపే ఇంటెల్ జీపీయూ టాప్ తెరిచి 'వీడియో' వరుస సున్నా దగ్గరే ఉంటే ఎందుకని వెతుక్కుని, డ్రైవర్ ఏ ఫార్మాట్లు డీకోడ్ చేయగలదో చెప్పే వీఏ-ఇన్ఫో నడిపి, డ్రైవర్ మార్చి, ఆ వరుస కదిలే దాకా కూర్చున్నాను. నాకు వచ్చు కాబట్టి చేశాను. మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసింది నేనే, "దీంట్లో సినిమా సగంలోనే ఛార్జింగ్ అయిపోతోందిరా" అని ఆయన ఫోన్ చేస్తే అబౌట్:కాన్ఫిగ్ తెరవమని చెప్పనా? బగ్ పెడితే "డ్రైవర్ వాళ్లని అడగండి" అన్నారు, అక్కడ అడిగితే "బ్రౌజర్ వాళ్లని అడగండి" అన్నారు, రెండూ మూసేశారు. మీరేమో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ పట్టుకుని వేలాడుతున్నారు.

సున్నాడ్రాప్: ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ మీద ఇంత అధికారం ఎక్కడిది? నచ్చకపోతే విండోస్ ఉందిగా.

వేలాండ్‌వీరుడు: ఇదిగో, మొదలైంది.

డ్రైవర్‌బాబు: ఇద్దరూ కాస్త ఆగండి. ఉన్నమాట చెప్తాను, తిట్టినా పర్లేదు. నేను ఒక డిస్ట్రోకి ఈ ప్యాకేజీలు చూస్తుంటాను. సీపీయూ ఎక్కువ తిన్నదని బగ్ పెట్టేవాళ్లు అరుదు. వీడియో మొత్తం పచ్చగా కనిపించినా, జీపీయూ హ్యాంగ్ అయి డెస్క్‌టాప్ అంతా బిగుసుకుపోయినా అదే రోజు గుంపుగా వస్తారు, చేస్తున్న పని పోయిందని బూతులు తిడతారు. ఆఫ్‌లో ఉంచితే మాకు తిట్లు తక్కువ. డిఫాల్ట్ ఆలస్యం కావడానికి ఇదీ పెద్ద కారణమే.

ఫ్యాన్‌మోత: అదీ అసలు మాట, ఇందాకటి నుంచి పేటెంట్లంటూ తిప్పారు. క్రాష్ అయితే తిట్లు మీకు పడతాయి. క్రాష్ కాకుండా బ్యాటరీ తినేస్తే ఆ నష్టం వాడేవాడిది, వాడికి ఎందుకో కూడా తెలియదు, "లినక్స్ ఇంతే" అనుకుని వెళ్లిపోతాడు. వెళ్లిపోయినవాడు బగ్ పెట్టడు కాబట్టి మీ లెక్కలోకే రాడు.

డ్రైవర్‌బాబు: రాడు, నిజమే. కానీ పరీక్ష చూడని చిప్‌ల మీద ఆన్ చేయమంటే మాత్రం నేను చేయను. సేవ్ చేయని ఫైల్ పోగొట్టుకున్నవాడికి సమాధానం చెప్పాల్సింది నేను, మీరు కాదు.

ఫ్యాన్‌మోత: సరే, ఆన్ చేయకండి. చేయలేదని వాడేవాడికి కనపడేట్టు చెప్పండి. "ఈ వీడియో సీపీయూ మీద నడుస్తోంది" అని ఒక్క వాక్యం.

డ్రైవర్‌బాబు: ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:సపోర్ట్ పేజీలో ఉంది. ఏ కోడెక్‌కి (వీడియో ఫార్మాట్‌కి) హార్డ్‌వేర్ ఉందో, దేనికి లేదో పట్టికే ఉంది.

ఫ్యాన్‌మోత: మా నాన్నగారు అది తెరుస్తారా?

సున్నాడ్రాప్: ఆయనకి ఫ్రేములు పోతున్నాయా?