తొడ వెనుక పట్టేస్తే కాలు ఎత్తించి చూడటం ఒక్కటి చాలునా?

పర్లాకిమిడి_కోచ్: సైన్యం, పోలీసు ఎంపికలకు 1600 మీటర్ల పరుగు సాధన చేసే మా కుర్రవాళ్లలో ఎవరికైనా తొడ వెనుక పట్టేస్తే, వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు పైకెత్తి చూస్తాను. నొప్పి వస్తే హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనుక కండరం, దెబ్బతిన్నట్టే. మైదానంలో అంతకు మించిన పరీక్షలు అనవసరం.

బరంపురం_ఫిజియో: కోచ్ గారూ, ఆ భంగిమలో కండరంతో పాటు నడుము నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరమూ సాగుతుంది. ఎత్తిన కాలి పాదాన్ని ముఖం వైపు వంచగానే నొప్పి పెరిగితే నరాన్ని అనుమానించాలి, ఎందుకంటే హామ్‌స్ట్రింగ్ కండరాలేవీ చీలమండ దాకా వెళ్లవు. తరువాత కండరాన్ని పరీక్షించడానికి బోర్లా పడుకోబెట్టి, మడమను మీరు ఆపిపట్టి, మోకాలిని 15 డిగ్రీల వద్ద ఒకసారి, 90 డిగ్రీల వద్ద ఒకసారి బలంగా వంచమనండి. కూర్చునే ఎముక నుంచి మోకాలి దాకా వేలితో నొక్కి చూడండి. వేగంగా పరుగెత్తేవారిలో ఎక్కువగా చీలేది హామ్‌స్ట్రింగ్ కండరాల్లో బయటివైపున్న బైసెప్స్ ఫెమోరిస్.

రాయగడ_రన్నర్: నాకు కూర్చుంటేనే నొప్పి ఎక్కువ. అది ఏ కండరం?

పర్లాకిమిడి_కోచ్: మైదానంలో డిగ్రీలు కొలిచేదెవరు? మా మేనల్లుడికి ఒక క్లినిక్‌లో ఇలాగే నరమని తేల్చి నడుముకు కాపడం పెట్టించారు. నాలుగైదు రోజులకు తొడ వెనుక నల్లగా కమిలి మోకాలి వైపు దిగింది. ఎంపిక తప్పిపోయింది.

బరంపురం_ఫిజియో: డిగ్రీలు కొలవనక్కరలేదు. మొదటిది కాలు దాదాపు చాపిన స్థితి, రెండవది పిక్క నిటారుగా లేచిన స్థితి. మీ మేనల్లుడి తొడను అక్కడ ఎవరైనా నొక్కి చూశారా?

పర్లాకిమిడి_కోచ్: లేదు. కానీ మీరందరూ చివరికి చెప్పేది ఒకటే, పరుగు ఆపమని! వయోపరిమితి దాటితే ఆ ఇంటికి మళ్లీ ఆ ఉద్యోగం ఎవరిస్తారు?

గుణుపురం_పాఠకురాలు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి. తగవు పరీక్ష మీదా, పరుగు మొదలుపెట్టే రోజు మీదా?

బరంపురం_ఫిజియో: రోజు మీదేనమ్మా. మెల్లగా ఎత్తినప్పుడు నొప్పి లేదని పూర్తి వేగంతో పరుగెత్తించిన కుర్రవాడు అదే చోట మళ్లీ చీల్చుకుని నా దగ్గరకు వచ్చాడు. నొక్కినా నొప్పి లేకుండా పోయి, రెండు కాళ్ల బలమూ సమానమయ్యాక, మోకాలు చాపి కాలిని వేగంగా పైకి విసరమనండి. అప్పుడు నొప్పిగానీ జంకుగానీ ఉంటే అతడు ఇంకా సిద్ధం కాలేదు.

పర్లాకిమిడి_కోచ్: అదీ చేయిస్తాను. కానీ ఎంపికకు వెళ్లాలా వద్దా అన్నది కుర్రవాడు, అతని తండ్రి తేల్చుకుంటారు.

బరంపురం_ఫిజియో: తేల్చుకోనివ్వండి, ఆ ఫలితం వారికి చెప్పిన తరువాత.