‘ఫలిత బలం’ అనాలా, ‘మొత్తం బలం’ అంటే సరిపోదా?

ప్రశ్న: మా అన్న కొడుకు ఇంటర్ ఫస్టియర్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు మీడియం. వాడికి వెక్టర్లు (బలంలాగా పరిమాణంతో పాటు దిశ కూడా ఉండేవి) తెలుగులో చెబుదామని కూర్చున్నా. రిజల్టెంట్ ఫోర్స్‌ని మన పుస్తకాల్లో ‘ఫలిత బలం’ అంటారు. ఫలితాలంటే వాడికి మార్కులే గుర్తొస్తున్నాయట. ‘మొత్తం బలం’ అంటే తప్పేంటి?

జవాబు: ‘మొత్తం’ అనగానే పిల్లలు కూడేస్తారు, చిక్కంతా అక్కడే. 3 న్యూటన్లు, 4 న్యూటన్లు ఒకే వైపు గుంజితే 7. ఎదురెదురుగా గుంజితే 1. లంబంగా గుంజితే 5. కోణాన్ని బట్టి 1కీ 7కీ మధ్య ఎంతైనా రావచ్చు. ఆ బలాలన్నిటి బదులు ఏ ఒక్క బలం పెడితే అదే ప్రభావం ఉంటుందో, అది ఫలిత బలం.

వాణ్ని మేడ మీదికి తీసుకెళ్ళి దండెం చూపించండి. నడిమధ్యలో 50 న్యూటన్ల తడి దుప్పటి వేశారనుకుందాం, అంటే దాదాపు ఐదు కిలోలు. తాడు కుంగి రెండు వైపులా అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేస్తే ఒక్కో వైపు తన్యత (తాడులోని లాగుడు, టెన్షన్) 50 న్యూటన్లు. తాడు వేలాడితే బాగోదని బిగించి కట్టారు, కోణం 5 డిగ్రీలకు తగ్గింది. ఇప్పుడు ఒక్కో వైపు సుమారు 287! రెండూ కూడితే 574. అయినా దుప్పటిని పైకి మోస్తున్న ఫలిత బలం అప్పుడూ 50, ఇప్పుడూ 50. అడ్డంగా ఉన్న లాగుళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి మరి. 574ని ‘మొత్తం’ అనండి, 50ని ‘ఫలితం’ అనండి, పేచీ ఉండదు. (బిగించిన దండేలే ముందు ఎందుకు తెగుతాయో కూడా తేలిపోయింది.)

మరొకరు: ‘నికర బలం’ అంటే? నికర లాభంలాగా.

జవాబు: ఎదురెదురు బలాలకు బాగుంటుంది. కానీ లాభనష్టాల లెక్క ఒకే గీత మీద నడుస్తుంది, దానికి కోణం ఉండదు. నాకైతే ఫలితమే ఇష్టం.

ఇంకొకరు: వెక్టర్‌కి ‘సదిశ’ మాత్రం భలే మాట. దిశతో కూడినది సదిశ, లేనిది అదిశ. వెక్టర్‌కి లాటిన్‌లో అర్థం ‘మోసుకెళ్ళేది’ అట, దిశ ఊసే లేదు. ఇక రెండు బలాల ఫలితం కనుక్కునే సమాంతర చతుర్భుజ నియమం (పారలలోగ్రామ్ లా) పేరే నోరు తిరగదు. 1687లో న్యూటన్ తన చలన నియమాల వెంటనే మొదటి ఉపసిద్ధాంతంగా రాసింది దాన్నే. త్రిభుజ నియమంతో మొదలుపెట్టండి: ఒక్కో బలాన్నీ ఓ బాణంగా గీసి, మొదటి బాణం మొన దగ్గర రెండో బాణం తోక పెట్టి, మొదటి తోక నుంచి రెండో మొనకు గీత గీస్తే అదే ఫలితం.

ప్రశ్న అడిగినవారు: దండెం పనిచేసింది. వాడిప్పుడు ఇంకోటి అడుగుతున్నాడు: దుప్పటి బరువునూ కలిపితే ఫలితం సున్నా కదా, మరి తాడెందుకు తెగుతుంది?

జవాబు: మంచి ప్రశ్న. సున్నా అయ్యింది దుప్పటి మీది బలాల ఫలితం, అందుకే అది కదలకుండా ఉంది. తాడు తెగేది తన్యతకు, ఆ 287కి.