అప్‌డేట్: .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ రైఫిల్‌పై స్కోప్ జీరో నిలవని సమస్య తీరింది

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు తీసిపెట్టుకున్న రైఫిల్‌లో నాలుగు రౌండ్లు కాల్చేసరికి జీరో (స్కోప్ గురీ తూటా తగిలే చోటూ ఒకటయ్యే అమరిక) తప్పుతోందని, రైఫిల్ తన్నే దెబ్బకు తట్టుకునే మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బేస్, రింగులు) ఏదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది నెయిల్ పాలిష్ చిట్కా. రింగు అంచూ స్కోప్ ట్యూబూ కలిసేలా ఎర్ర గీత పెట్టి కాల్చాను (మా ఆవిడ సీసా, ఇంకా తిడుతోంది). గీత చెక్కుచెదరలేదు, తూటాలు మాత్రం పక్కకే పోయాయి. అంటే స్కోప్ రింగుల్లో జారడం లేదు.

గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) బేస్ (రైఫిల్‌కు స్క్రూలతో బిగించే, రింగులు కూర్చునే భాగం) విప్పితే అసలు సంగతి బయటపడింది. ముందువైపు స్క్రూ ఒకటి కాస్త పొడవు. దాని కొన రంధ్రం అడుగున తగిలి తగిలి మెరుస్తోంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, బేస్‌ను మాత్రం పట్టుకోదు.

ఇప్పుడు బేస్‌గా ఒకే ముక్క స్టీల్ రైల్ (అడ్డ గాడులున్న పట్టీ) వేశాడు. 6-48 సైజు స్క్రూ రంధ్రాలను 8-40 సైజుకి పెంచాడు; స్క్రూ మందం 0.138 అంగుళాల నుంచి 0.164కి పెరిగింది. నూనె తుడిచి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) రాసి, టార్క్ రెంచ్‌తో బిగించాడు. రింగులు బిగించే ముందు వాటిని రైల్ గాడిలో ముందుకు నెట్టాలట: రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది కాబట్టి, ఆ భారం గాడి ముందు గోడ మీద పడుతుంది.

స్కోప్ మార్చడం, తూటాల బ్రాండ్ మార్చడం, రింగులు ల్యాపింగ్ చేయించడం (లోపలివైపు అరగదీసి సమం చేయించడం), ఇవేవీ అవసరం పడలేదు. పాత స్కోపే, పాత రింగులే. జీరో నిలుస్తోంది.